ఈశాన్యం మూల గుంత

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. ఎవరు ఏది అడిగినా తల ఊపేవాణ్ణి, ఆ తర్వాత పక్కకు పోయి ఫోన్‌లో వెతుక్కునేవాణ్ణి. డిగ్రీ అప్పుడే అయిపోయింది. గద్వాలలో మా ఇంటి ముందు గదిలో గుంత మగ్గం ఉండేది, ఇప్పటికీ ఉంది. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన పొద్దంతా చీర నేసేవాడు. నా సావాసగాళ్లంతా ఎక్కడెక్కడికో ఉద్యోగాలకు పోతుంటే నేను ఆ గుంతను చూసి రోజూ భయపడేవాణ్ణి. “ఏడ పని దొరక్కున్నా ఫికర్ లేదురా, ఇది యాడికి పోతది” అని నాయన మంచి మనసుతోనే అనేవాడు. నాకు మాత్రం అది జైలు శిక్ష చదివి వినిపించినట్టుండేది. అప్పట్లో నా జీవితాశయం ఒక్కటే, ఆ గుంతలో కాలు పెట్టకుండా బతకడం.

మా మేనమామ పుణ్యమా అని వనపర్తి బయట, బిజినేపల్లి పోయే తోవలో ఒక ప్లాట్ల వెంచర్‌లో పని దొరికింది. దాని యజమానిని వెనకాల అందరూ ఈశాన్యం సార్ అనేవాళ్లు. ఆయనకు వాస్తు అంటే ప్రాణం. ఫోన్ ఛార్జింగ్ కూడా గదిలో ఆగ్నేయం మూలనే పెట్టేవాడు (కరెంటు అంటే అగ్ని కదా అని). ఆయన హైదరాబాద్ పోయినప్పుడు ఎక్కడో ఒక పెద్ద హోర్డింగ్ మీద గోల్ఫ్ ఆడుతున్న దంపతుల బొమ్మ చూసి వచ్చాడు. అప్పటి నుంచి మన వెంచర్‌లోనూ గోల్ఫ్ ఉండాలని పట్టు. అసలు మైదానానికి ఊరంత జాగా కావాలి. అందుకని ఆటలో చివరి ముక్క మాత్రం, అంటే నున్నటి గడ్డి మీద బంతిని కర్రతో దొర్లించి గుంతలో వేసే పటింగ్ వరకు పెడదామని తీర్మానించాడు.

“ఆటలేమన్న ఆడినవా తమ్మీ?” అని నన్ను అడిగాడు మొదటి రోజే.

“గోటీలు ఆడిన సార్.”

“ఇగ సాలు. గోటీలైనా గోల్ఫైనా గుండు పోయి గుంతల వడాలె, అంతేగద. నువ్వే కోచ్.”

మా అమ్మ ఈ వార్తను మా వీధిలో ప్రతి అరుగు మీదా కూర్చుని చెప్పింది. “మా పిలగాడు కోచ్ అయిండు.” పక్కింటామె, గ్రూప్ పరీక్షల కోచింగా అని అడిగిందట. “కాదంటమ్మా, గుండును గుంతల ఏసుడు నేర్పిస్తడంట” అంటే, “దానికి గూడ నేర్వాల్నా” అని ఆమె తలుపు వేసుకుని లోపలికి పోయిందట.

అందరికీ నేర్పాలంటే ముందు నేను నేర్వాలి. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, వాటిలో నాకు నచ్చిన ముక్కలు ఏరుకుని ఒక శాస్త్రం తయారు చేశాను. గుంత దాకా పోని బంతి గుంతలో పడే ప్రసక్తే లేదు, కాబట్టి ఎప్పుడూ గట్టిగానే కొట్టాలి. (ఎవరు కాదనగలరు చెప్పండి?) అన్నిటికన్నా ముఖ్యం గురి. గురి కుదిరితే జోరు దానంతటదే కుదురుతుంది. ఒక్క దెబ్బకే పడాలి, దగ్గరకు పోయి ఆగడం పిరికివాళ్ల పని. వీటన్నిటికీ మించి, కొట్టే ముందు గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, కర్రను గాలిలో వేలాడదీసి, మేస్త్రీ గోడకు గుండు వేసి చూసినట్టు చూడాలి. ఎంత సేపు చూస్తే అంత మంచిది. అలా చూడటం వల్ల నాకు ఏమీ కనిపించేది కాదు గానీ, చూస్తున్నవాళ్లకు నేను గొప్పగా కనిపించేవాణ్ణి.

ఇక ఆ పటింగ్ జాగా కట్టిన తీరు చెప్పాలి. నేల చదునుగా ఉండాలి కదా సార్ అని మేస్త్రీ అన్నాడు. ఈశాన్యం సార్ ఆ మాట చెవిన వేసుకోలేదు. “నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. ఇల్లైనా గంతే, ఇదైనా గంతే.” అలా నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా కట్టించి, దాని మీద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిపించాడు. గుంత ఎక్కడ? ఈశాన్యం మూలన. దానికి నాలుగు అడుగుల అవతల నీళ్ల సంపు, అదీ ఈశాన్యమే. సంపుకు రేకు మూత చెప్పారు, ఇంకా రాలేదు. ఆడేవాళ్లు నైరుతిలో నిలబడి, శుభంగా ఈశాన్యం వైపు మొహం పెట్టి కొట్టాలి. కోచ్‌గా నేను దీనికి అభ్యంతరం చెప్పకపోగా, వాలు ఉంటే బంతి త్వరగా పోతుందని సంబరపడ్డాను.

త్వరగానే పోయేది. నా శాస్త్రం ప్రకారం గట్టిగా కొడితే బంతి గుంత మీది నుంచి దాటి, అంచు దిగి, సంపులో బుడుంగుమనేది. ఆఫీసు వాళ్లందరికీ నేర్పాను, అందరి బంతులూ అందులోకే పోయాయి. పూలబుట్టకు తాడు కట్టి వాటిని తోడుకునేవాళ్లం. కొన్నాళ్లకు అది కూడా ఆటలో భాగమే అనుకున్నాం. జోరు ఎక్కువైందేమో అన్న అనుమానం నాకు ఒక్క రోజు కూడా రాలేదు. గురి కుదరడం లేదనుకుని ఇంకాసేపు కన్ను మూసేవాణ్ణి.

అలాంటి పరిస్థితిలో, మిలటరీలో చేసి రిటైరైన ఒక కల్నల్, ఆయన భార్య హైదరాబాద్ నుంచి ప్లాటు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయన నిజంగానే గోల్ఫ్ ఆడే మనిషట. ఈశాన్యం సార్ నన్ను పక్కకు పిలిచాడు. “ఆయన గినక ఒప్పుకుంటే ఆయన దోస్తులంత లైను కడ్తరు. నిన్ను సూసే ఆయన మనసుల వడాలె. తేడా వచ్చిందనుకో తమ్మీ, కోపం జెయ్యకు, నీ మగ్గం నీకుండనే ఉన్నది.” దానికి తోడు సరిగ్గా వాళ్లు వచ్చిన రోజే నాయన గద్వాల నుంచి బస్సెక్కి వచ్చాడు, అమ్మ ఇచ్చిన జొన్నరొట్టెల మూటతో. “మీ అమ్మ ఒక్కతీర్గ సతాయించింది, పిలగాని కొలువు సూసి రమ్మని” అంటూ ఒక ప్లాటు హద్దురాయి మీద కూర్చున్నాడు.

కల్నల్ సార్ పొడుగ్గా, మీసం మెలేసి, మర్యాదగా ఉన్నారు. “ముందు కోచ్‌గారు చూపిస్తే మేం నేర్చుకుంటాం” అన్నారు. నేను గొంతుక్కూర్చున్నాను. కన్ను మూశాను. కర్ర వేలాడదీశాను. నాలుగు వైపుల నుంచీ చూశాను. “ఏమన్న పారేసుకున్నవారా?” అని వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. కొట్టాను. బంతి గుంత వైపు చూడను కూడా చూడకుండా పోయి సంపులో పడింది. చప్పుడు అందరికీ వినిపించింది.

“జోరు ఎక్కువైంది బాబూ” అన్నారు కల్నల్ సార్. “పటింగ్‌లో అందరూ గురి గురి అని చస్తారు. గురి కొంచెం తప్పినా బంతి గుంత పక్కనే ఆగుతుంది, రెండో దెబ్బకు వేసుకోవచ్చు. జోరు తప్పితే ఊరు దాటిపోతుంది. మొదటి దెబ్బకు పడాలన్న ఆశ వదిలేసి, రెండో దెబ్బ సులువయ్యేట్టు కొట్టాలి.” అని ఆయన కర్ర తీసుకుని బంతిని పసిబిడ్డను తట్టినట్టు తట్టారు. అది మెల్లగా బయల్దేరింది. మధ్యలో ఆగుతుందేమో అనిపించింది. ఆగలేదు. ఇంకాస్త వేగం పుంజుకుని, గుంత అంచు రాసుకుని, నా బంతి పోయిన చోటికే పోయింది. ఆయన మీసం ఒకవైపు వాలింది.

నాకు అప్పుడు ఒక ఆశ పుట్టింది. నాయన చెయ్యి నలభై ఏళ్లుగా నాడె విసిరిన చెయ్యి. పడుగు దారాల మధ్య ఇటు నుంచి అటు పోయే ఆ నాడెకు ఎంత జోరు కావాలో అంతే ఇస్తుంది, వెంట్రుకవాసి ఎక్కువ ఇవ్వదు. కల్నల్ సార్ కూడా “పెద్దాయనా, మీరూ ఒకసారి చూడండి” అన్నారు. నాయన రొట్టెల మూట పక్కన పెట్టి, పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకున్నాడు. ఇప్పుడు చూడండి అనుకున్నాను. నాయన బంతి అందరి బంతులకన్నా వేగంగా పోయి సంపులో పడింది.

నాయన సంపు దాకా పోయి తొంగి చూసి, “నాడె అయితే తిరిగొస్తది. ఇది రాదేందిరా?” అన్నాడు.

కల్నల్ సార్ ఇక ఓపిక పట్టలేకపోయారు. గుంతను ఎత్తు వైపుకు, నైరుతికి మార్చండి, కింది నుంచి పైకి కొట్టుకుంటాం అన్నారు. ఈశాన్యం సార్ రెండు చెవులూ మూసుకున్నాడు. “నైరుతిల గుంతనా? ఎక్కడన్న ఉన్నదా సార్. ఇంటి యజమాని బతుకుతడా?” ఇద్దరూ వాదించుకుంటున్నారు. నేను మనసులో మగ్గం గుంత దగ్గర నా పీట వేసుకుంటున్నాను.

అంతలో మేడం, అంటే కల్నల్ గారి భార్య, ఎండ భరించలేక సంపు పక్కన ఉన్న వేపచెట్టు నీడలోకి పోయింది. పోతూ పోతూ ఒక బంతీ కర్రా పట్టుకుపోయింది. అక్కడే, ఈశాన్యం అంచున నిలబడి, నైరుతి వైపు మొహం పెట్టి, కన్ను మూయకుండా, ఏమీ చూడకుండా గట్టిగా ఒక్కటిచ్చింది. బంతి ఆ కాస్త వాలు ఎక్కేసరికే నీరసించి, గుంత వెనక అంచుకు తగిలి లోపల పడింది. ఆమె ఇంకోటి అడిగింది. అదీ పడింది. వాలు ఎక్కే చోట మాత్రం గట్టిగా కొట్టినా నష్టం లేదన్నమాట. నా శాస్త్రంలో సగం నిజమే, నేను నిలబడ్డ చోటే తప్పు.

“మేడం, నైరుతి దిక్కు మొఖం వెట్టి కొట్టొద్దు మేడం” అని ఈశాన్యం సార్ చేతులు జోడించాడు. “ఇక్కడ నీడ ఉందండీ” అంది ఆమె. నాకు ఆ క్షణంలో ఎక్కడి నుంచి ఊడిపడిందో గానీ మాట వచ్చింది. “సార్, జర ఆలోచన జెయ్యండి. బంతి ఈశాన్యంకెల్లి లోపటికి వస్తున్నది. ఐశ్వర్యం గూడ ఈశాన్యంకెల్లే గద రావాలె. గిన్ని దినాలు మనమే దాన్ని బయటికి తోలి సంపుల ముంచినం.”

ఈశాన్యం సార్ సంపు వైపు, మేడం వైపు, మళ్లీ గుంత వైపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వు వచ్చింది ఆయన మొహంలోకి. “నేను గదే అంటున్న మొదటి సంది” అన్నాడు.

కల్నల్ దంపతులు ఆ వేపచెట్టు పక్క ప్లాటే తీసుకున్నారు, నా కొలువు నిలిచింది. పోయే ముందు మేడం, నాయన చీరలు నేస్తాడని విని, ఆయనతో మాట కలిపి, గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు ఎలా కలుపుతారని అడిగింది. నాయన సిగ్గుపడి నావైపు చూశాడు. నేను చెప్పాను. ఏ దారం ఎక్కడ మలుపు తిరిగి ఎక్కడ ముడి పడుతుందో, ఫోన్ తీయకుండా, తడుముకోకుండా చెప్పాను. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. కోచ్‌నైన తర్వాత నేను చెప్పిన మొదటి నిజం అదే.

ఆ తర్వాత వచ్చిన ప్రతి కుటుంబంతోనూ అదే తంతు. సార్లు బంతి ఆడేవాళ్లు, మేడమ్‌లు నాతో చీరల ముచ్చట పెట్టేవాళ్లు. ప్లాట్లన్నీ అయిపోయాక ఈశాన్యం సార్ ఆ పటింగ్ జాగాను కూడా అమ్మేశాడు (ఈశాన్యం మూల బిట్టు ఎవరు వదులుకుంటారు). నాగర్‌కర్నూలు దగ్గర కొత్త వెంచర్ పెడుతున్నా, నువ్వే కోచ్ అని పిలిచాడు. ఎందుకో పోబుద్ధి కాలేదు. సంచి సర్దుకుని గద్వాల బస్సెక్కాను.

ఇంటికి వచ్చి, అంతకాలం భయపడ్డ ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. చల్లగా ఉంది. ఇందుకా ఇన్నేళ్లు భయపడ్డానని నవ్వొచ్చింది. నాడె చేతికి తీసుకుని, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక కన్ను మూసి గురి చూసి గట్టిగా విసిరాను. అది అవతలి చేతికి దొరకకుండా కింద పడి గడప దాకా పోయింది. నాయన లేచి పోయి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. “మెల్లగ. అవతలి చేతికి అందితే సాలు” అన్నాడు. పక్కన కూర్చుంటూ, “నేను సెప్తి గద, నాడె అయితే తిరిగొస్తదని” అన్నాడు.

నేను నాడె వైపు చూశాను. ఆయన నన్ను చూస్తున్నాడు.