నా చేతులకంటిన మందు

ఉద్దానం బావి నీళ్లలో పురుగుమందుల జాడ ఉందేమో చూడాలన్నది నా పరిశోధన. నిండు బావిలో ఒక్క చుక్క మందు కలిసినా పసిగట్టే పద్ధతి తయారుచెయ్యాలి. టెక్కలి కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో పూండి దగ్గర ఒక జీడితోటకి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చేదాన్ని. ఆ తోట ఒక పెద్దావిడది. ఆవిడ భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు. తాము తాగిన నీళ్లలో ఏముందో తెలియాలని వెళ్లిన ప్రతిసారీ అడిగేది.

మొదటి పరీక్షలోనే యంత్రం గీసిన గీత ఒకచోట నిటారుగా పైకి లేచింది; నీళ్లలో మందు ఉంటేనే అలా లేస్తుంది. దొరికిందనుకున్నాను. మా గైడు మాత్రం, పోలిక కోసం తోటకి తీసుకెళ్లిన శుద్ధజలం మాటేమిటని అడిగారు. దాన్నీ పరీక్షిస్తే అక్కడే, అలాగే లేచింది. ల్యాబులోనే ఉంచిన శుద్ధజలంలో ఏమీ లేదు. సీసాలు మార్చాను, మూతలు మార్చాను. రెండు నెలలు గడిచినా ఆ గీత దిగలేదు.

మూడోసారి తోటకి వెళ్లినప్పుడు పెద్దావిడ నా పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"సేతులకి ఏటి రాసుకున్నావమ్మా? వాసనొత్తంది."

దోమల క్రీము అన్నాను. అంటూనే ఆగిపోయాను. తోటలో దోమలెక్కువని క్రీము రాసుకుని, ఆ చేతులతోనే తొడుగులు వేసుకుని, సీసాల మూతలు తీసేదాన్ని. నేను వెతికే మందుల జాబితాలో ఆ క్రీములోని మందు కూడా ఉంది!

ఆవిడ నవ్వుతూ నాకు సబ్బు ఇచ్చి, మోచేతుల దాకా కడిగించింది. ఆ రోజు దోమలు నన్ను పీక్కుతిన్నాయి.

వారం తిరిగేసరికి శుద్ధజలం గీత నేలబారుగా వచ్చింది. బావి నీళ్లదీ అంతే. ఆ నీళ్లలోనే కొలిచి రవ్వంత మందు కలిపి చూస్తే, చిన్న మొలకలా గీత లేచింది. పద్ధతి పనిచేస్తోంది. ల్యాబులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆదివారం తోటకి పరుగెత్తాను. నేను వెతికిన మందులేవీ ఆమె బావిలో కనిపించలేదని, వెతకాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని దాచకుండా చెప్పాను. ఆవిడ కొంగు బిగించి లేచింది.

"అయితే ఎతుకు. పక్కోల్ల బావులు కూడా సూపిత్తాను, రా."

సీసాల సంచి తనే భుజాన వేసుకుని ముందు నడిచింది. ఊరి బావులన్నీ తిరిగేసరికి నా రైలు వెళ్లిపోయింది. రాత్రి ఆవిడ ఇంట్లోనే చేపల పులుసుతో అన్నం తిని, ఆ మర్నాడు సీసాలతో టెక్కలి చేరాను.