గుప్పెడు పాత పొట్టు

లాక్‌డౌన్ ఎత్తేసిన రెండో ఏడు, మా దీవుల్లో వానాకాలం. డెలానీపూర్ బజారులో పెంపుడు జంతువులు అమ్మే దుకాణంలో పంజరాలు కడగడం నా పని. మా ఆయన సముద్రం మీద వేటకు వెళ్ళి తిరిగి రాని ఏడాది నుంచి ఇదే పని. నాకు చదువు లేదు, నోటితో చెప్పి రాయిస్తున్నాను. కానీ హేమ్‌స్టర్ పంజరం సంగతి నాకు తెలిసినంత ఆ బజారులో ఎవరికీ తెలియదు. హేమ్‌స్టర్ అంటే అరచేతిలో పట్టే, తోక ఉందో లేదో తెలియని బొద్దు ఎలుక.

ఒకరోజు ఒక కాంట్రాక్టరు తన కూతుర్ని బడి నుంచి నేరుగా వెంటబెట్టుకొని వచ్చాడు. ఒక చేతిలో ఖాళీ పంజరం, ఇంకో చేతిలో అట్టపెట్టె. పెట్టెలో మేం నెల క్రితం అమ్మిన హేమ్‌స్టర్ మూలకు నక్కి వణుకుతోంది. పాపకు తొమ్మిదేళ్ళుంటాయి, వేలికి కట్టు.

"ఇది కరిసేత్తంది దీదీ. ఇంకోటి ఇయ్యండి," అన్నాడు.

మా యజమాని పెదవి విరిచాడు. "కరిచేదాన్ని ఎవరు కొంటారు? సాయంత్రం ఊరవతల సిప్పీఘాట్ తుప్పల్లో వదిలేద్దాం."

వదిలేయడమంటే కాకులకు వేయడమే. పాప ఏడుపు అందుకుంది. నేను చీపురు పక్కన పెట్టాను.

"పంజరం ఎలా కడుగుతన్నారు బాబూ?"

"రోజూ కడిగిస్తాను. ఈ వానలకి అన్నీ బూజు పట్టేత్తన్నాయి కదా. కింద పరిసిన చెక్కపొట్టంతా పారబోసి, ఫినాయిల్ ఏసి తోమిస్తాను. మా ఇంట్లో మురికనేదే ఉండదు."

ఆ గొప్ప చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి కరవదేటి? దానికి కళ్ళు సరిగ్గా ఆనవు. ముక్కుతో బతికే జీవి. రోజూ దాని వాసనంతా కడిగేత్తే, అదెక్కడున్నాదో దానికెలా తెలుస్తాది?"

"ఎలక్కి కూడా ఇల్లేటి దీదీ," అని నవ్వాడు.

మా ఆయన దినం అయిన మర్నాడు మా ఆడబిడ్డలు ఇల్లంతా కడిగారు. ఆయన దుప్పటి, తలగడ, లుంగీలు సముద్రంలో వదిలేశారు. ఇల్లు తళతళలాడింది. అందులో నేను నెల రోజులు పరాయిదానిలా తిరిగాను. పలకరించిన వాళ్ళందరినీ కరిచాను. అతనికి ఇదంతా ఎందుకు చెప్పాలి? చెప్పలేదు.

"పంజరంలో పాత పొట్టు ఏమన్నా మిగిలిందా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు మిగులుతాది?"

అప్పుడు పాప బడి సంచిలోంచి జామెట్రీ బాక్స్ తీసింది. మూత తెరిస్తే గుప్పెడు నలిగిన పొట్టు, చింపిన కాగితం పీలికలు.

"డాడీ పారేయిస్తారని దాచాను ఆంటీ. ఇది అది పడుకునే పక్క."

ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. తండ్రి ముఖం చూడాల్సింది.

నేను పంజరాన్ని వేడినీళ్ళతో, చుక్క సబ్బుతో కడిగాను. వాసన పోయేదాకా మంచినీళ్ళు పోసి, ఫ్యాను కింద ఆరబెట్టాను. కొత్త బెడ్డింగ్, అంటే కింద పరిచే చెక్కపొట్టు, వేసి, పైన పాప దాచిన గుప్పెడు ఒక మూల పెట్టాను. హేమ్‌స్టర్‌ను చేత్తో పట్టలేదు. పెట్టెను పంజరం వాకిట్లో పెడితే అదే నడిచి వెళ్ళింది. ముక్కు ఆడిస్తూ పంజరమంతా తిరిగి, ఆ మూలకు వచ్చి, పొట్టును మీదకు లాక్కుని పడుకుంది.

"ఇదే కావాలి," అంది పాప. అతను పంజరం ఎత్తుకున్నాడు.

ఆ రోజు నుంచి కరిచే జంతువును ఎవరు తెచ్చినా, అది కరవక ముందు దానికేం చేశారని అడుగుతున్నాను.

రెండు నెలల తర్వాత అతను పొట్టు సంచి కోసం వచ్చాడు. ఎవరో కొత్తాయన హేమ్‌స్టర్ కొంటుంటే ఈయన పాఠం మొదలుపెట్టాడు. "ఫినాయిల్ పనికిరాదండీ. గుప్పెడు పాత పొట్టు ఉంచాలి. నేను కనిపెట్టాను." నేను రెండు అడుగుల దూరంలో కుందేళ్ళ గూడు తోముతున్నాను. నా వైపు చూడనైనా చూడలేదు.

అది చెప్పింది నేనేనని అనబోయాను. కొత్తాయన మాత్రం బుద్ధిగా తల ఊపుతున్నాడు. చీపురు పట్టుకుని నేను చెబితే అలా వినేవాడా?

"పగలు నిద్దట్లో లేపి కడక్కూడదని కూడా సెప్పండి బాబూ," అన్నాను. "మీరు సగం సెప్తే, ఆయనింటికాడ అది సస్తాది."