ఇరవై ఒక్క దెబ్బల బాకీ

పోయినవి ముందు చెబుతాను. చెక్కభజన ఆడిన పదహారు మందిలో తొమ్మిది మంది చనిపోయారు. ఆరుగురు బెంగళూరుకు కూలికి పోయారు. పన్నెండు పాటల్లో పదకొండు ఎవరికీ గుర్తు లేవు. మేము ఆడిన కళ్లం మా ఇంటి వెనకే ఉండేది. ఇప్పుడక్కడ కంచె, లోపల సోలార్ పలకలు. మా గురువు తిప్పన్నకు పక్షవాతం వచ్చి మాట పోయింది. మిగిలింది ఒక పాట, ఆయన చూపుడు వేలు, నేను. లెక్క తప్పితే తప్పిందని ఒప్పుకునే మనిషిని. ఇందులో తప్పలేదు.

ఆ ఒక్క పాటయినా నిలపాలని స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ సొంతంగా నేర్చుకున్నాను. గడికి నాలుగు దెబ్బలు, అరవై నాలుగు గడులు. గడి మీద ఒక అంకె పెడితే అక్కడి నుంచి నడక మారుతుంది. తిప్పన్న మంచం పట్టె మీద వేలితో కొడుతుంటే కొలిచాను. మొదట నిమిషానికి డెబ్బై రెండు దెబ్బలు. చివరికి నూట ముప్పై రెండు. నడుమ ఒక్క అంకె పెట్టి వినిపించాను.

తిప్పన్న వేలు ఆపేశాడు. ఆయన భార్య నాగక్క నవ్వింది.

"ఏందప్పా, మేక గోడ దూకినట్ల దూకుతాండాది? తెలీకుండా హెచ్చల్ల."

"ఎంతెంత హెచ్చల్లక్కా?"

"మీరు లెక్కేసుకొని ఆడినారా?"

ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాను. తొమ్మిదో గడి నుంచి ముప్పై ఎనిమిదో గడి దాకా, గడికి రెండు చొప్పున పెంచాను. ఇంట్లోవాళ్లు పడుకున్నారని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కాను.

పదో గడి దగ్గర... వెనక కిటికీ బయట చప్పుడు.

టక్... టక్... చెక్క మీద చెక్క.

ఒక చెవిది తీశాను. లోపలి దెబ్బ, బయటి దెబ్బ ఒకటే. నడక పెరిగింది. బయట కూడా పెరిగింది. గడికి రెండు... సరిగ్గా రెండు. గజ్జెలు. మట్టి మీద పాదాలు. ఆ పలకల కింద వంగకుండా మనిషి నిలబడలేడు.

చెక్కల జతలు లెక్కపెట్టాను.

తొమ్మిది.

ఆపేశాను. బయట కూడా ఆగింది... వెళ్లిపోలేదు. ఎగశ్వాస వినిపించింది. ఆడి అలిసినవాళ్లది.

మా భజనలో పాట మధ్యలో ఆగకూడదు. ఆగితే మిగిలిన దెబ్బలు బాకీ. గురువు "తీర్చండి" అంటేనే మళ్లీ ఎత్తుకోవాలి. ఆ మాట కోసం వాళ్లు కాచుకున్నారు. నేను గురువును కాను. ఆ శ్వాస ఎప్పుడు పోయిందో... తెలియదు.

పొద్దున్నే తిప్పన్న ఇంటికి పోయాను. నడుమ పదమూడు ఇళ్లు.

"రేత్రి ఈయన వేలు బాగా ఆడిందప్పా," అంది నాగక్క. "మెల్లమెల్లగా హెచ్చినాడు. మొగమంతా నవ్వే. నడిమధ్యలో నిలిచిపాయ, ఎవురో నిలిపినట్ల. మళ్ల లేస్తా లేదు."

ఆ వేలు ఇప్పటికీ లేవలేదు. పాటను చివరిదాకా ఎన్నిసార్లు వాయించినా బయట ఎవరూ అందుకోలేదు. పలకల మధ్య గాలి అంటారు. గాలి గడికి రెండు చొప్పున పెరుగుతుందా? నా చెవుల తప్పా? ఏమో...

ఆపింది యాభై తొమ్మిదో గడి, మూడో దెబ్బ మీద. అయినవి రెండు వందల ముప్పై ఐదు.

బాకీ ఇరవై ఒకటి.