కళ్ళకద్దుకున్న తన్ను

ఇరవయ్యారేళ్ళప్పుడు మనిషికి తన ఒంటి మీద ఉండే నమ్మకం మళ్ళీ ఈ జన్మలో రాదు. ఆ రోజుల్లో నేను ఇంగ్లండ్‌లో స్టీవెనేజ్ అనే ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని ఇతరుల తప్పులు వెతకడమే పని. అయినా నా లోపల ఒక వీరుడు ఉన్నాడనీ, వాడికి సరైన గురువు దొరకడమే ఆలస్యమనీ గట్టిగా నమ్మేవాణ్ణి. అందుకే కమ్యూనిటీ హాలు తలుపు మీద 'వింగ్ చున్ కుంగ్‌ఫూ, మంగళ, గురువారాలు' అన్న కాగితం చూడగానే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. (పక్క గదిలో చిన్నపిల్లల డాన్సు క్లాసు జరిగేది. మొదటి రోజు ఆ హుషారులో అందులోకే వెళ్ళాను. ఆ సంగతి వదిలేద్దాం.)

మా గురువు హాంకాంగ్‌లో పుట్టిన రిటైర్డ్ నర్సు. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా కూడా రారు. అలవాటు కొద్దీ "హలో ఆంటీ" అన్నాను. "ఇక్కడ ఆంటీలు లేరు. సీఫూ అను," అంటూ నా మణికట్టును రెండు వేళ్ళతో పట్టుకున్నారు. ఆ తర్వాత నాకు కనబడింది హాలు పైకప్పు. సీఫూ అంటే గురువని నేల మీద వెల్లకిలా పడుకునే తెలుసుకున్నాను. అప్పుడే గోడకు వేలాడుతున్న పొడవాటి గుడ్డ కంటబడింది. ఆ విద్య వంశవృక్షమంతా దాని మీద రాసి ఉంది. అన్నిటికన్నా పైన ఒక బౌద్ధ సన్యాసిని. కొంగా పామూ పోట్లాడుకుంటుంటే చూసి ఈ విద్య కనిపెట్టిందట. ఆమె దగ్గర నేర్చుకున్న అమ్మాయి, తనను బలవంతంగా పెళ్ళాడబోయిన రౌడీని చితకబాదిందట. అక్కడి నుంచి తరం తరం దిగుతూ వచ్చి చివర మా సీఫూ పేరు, ఆ కింద నలుగురు శిష్యుల పేర్లు. వాటి కింద జానెడు ఖాళీ జాగా. ఆ రోజు నుంచి నా ప్రాణమంతా ఆ జానెడు జాగాలోనే ఉంది.

విద్య కూడా నాకు పిచ్చి పట్టించింది. ముక్కు నుంచి బొడ్డు దాకా ఒక గీత ఉందనుకోవాలి. మన గీతను కాచుకోవాలి, అవతలివాడి గీత మీద గొలుసుకట్టుగా గుద్దులు కురిపించాలి. ఇద్దరూ ముంజేతులు ఆనించి, కళ్ళు మూసుకుని, ఎదుటివాడి బలం ఎటు నుంచి వస్తోందో చర్మంతోనే పసిగట్టాలి. బలానికి ఎదురు వెళ్ళకూడదు, దారిచ్చి పక్కకు తప్పించాలి. నేను బస్‌స్టాపులో కూడా గాలిని గుద్దుతూ ఉండేవాణ్ణి. (క్యూలో నా ముందూ వెనకా ఎప్పుడూ బోలెడంత చోటు ఉండేది.)

చిక్కంతా తన్నుల దగ్గర వచ్చింది. వింగ్ చున్‌లో ఎక్కువగా తన్నేది మోకాలి మీదే, నడుం పైకి కాలు లేవదు. నేనూ తన్నేవాణ్ణి. కానీ కాలు తగిలీ తగలగానే నా ప్రమేయం లేకుండా నడుం వంగిపోయేది, చెయ్యి వెళ్ళి ఆ మోకాలిని తాకేది, తిరిగొచ్చి నా కళ్ళకు అద్దుకునేది. మనిషికి కాలు తగిలితే అలా చెయ్యాలని నాకు మాటలు రాకముందే మా బామ్మ నేర్పిన పాఠం అది. సీఫూ కొన్ని వారాలు చూసి, "నీకు నడుం నొప్పి ఉన్నట్టుంది, డాక్టరుకి చూపించుకో," అన్నారు. సిగ్గేసి అవునన్నాను.

ఒక గురువారం ఆవిడే పిలిచి చెప్పారు. "వచ్చే నెల నాటింగ్‌హామ్ వింగ్ చున్ బడి వాళ్ళు మనతో పోటీకి వస్తున్నారు. మూడు రౌండ్లు నిటారుగా నిలబడు. ఆ రోజే నీ చేతి టీ తాగుతాను." మోకరిల్లి శిష్యుడిచ్చిన టీ గురువు తాగితేనే అతను ఆ కుటుంబంలో చేరినట్టు, పేరు గుడ్డ మీదకు ఎక్కినట్టు. ఆ సాయంత్రం నేను ఇంటికి నడవలేదు, పరిగెత్తాను.

మా ఫ్లాట్‌లో నాతో ఉండేది అనంతపురం మనిషి. మాటమాటకీ అప్పా అనేవాడు గనక మేమూ 'అప్పా' అనే పిలిచేవాళ్ళం. విషయం విని, "దానికేముందప్పా, దినమూ నన్ను తన్ను. వంగినావంటే నెత్తి మీద మొట్టుతా," అన్నాడు. తన్నాను, వంగాను, మొట్టాడు. అరగంటకు విసుగొచ్చి, "ఉండు, నేను తన్ని చూపిస్తా," అని నా మోకాలి మీద ఒకటిచ్చాడు. ఇచ్చి, గబుక్కున వంగి నా కాలు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మన వల్ల కాదు లేప్పా. నువ్వు చేతుల్తోనే కానిచ్చేయ్," అన్నాడు.

అలాగే చేశాను. నాటింగ్‌హామ్ నుంచి వచ్చినవాడు నాకు రెండింతలున్నాడు. అయినా రెండు రౌండ్లు వాడి బలానికి దారిస్తూ, సందు దొరికినప్పుడల్లా గుద్దుల గొలుసు తెంపకుండా నిలబడ్డాను. ఒళ్ళంతా నిప్పురవ్వలే. మూడో రౌండు అయిపోవస్తోంది, గెలుపు వాసన తగిలింది, ఆ ఉత్సాహంలో కాలు దానంతటదే లేచి వాడి మోకాలికి తగిలింది. ఇంకేముంది, వంగాను. సరిగ్గా అప్పుడే నా మొహం కోసం బయల్దేరిన వాడి పిడికిలి నా వీపు మీదుగా గాల్లోకి పోయింది, దాని వెనకే వాడూ నా మీదుగా దొర్లి అవతల దబ్బున పడ్డాడు. నేను అప్పటికి కళ్ళకద్దుకుంటూ ఉన్నాను.

వాళ్ళ గురువు లేచి వచ్చి, "ఈ పట్టు మా బడిలో లేదు. ఎవరి పరంపర నుంచి వచ్చింది?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. సీఫూ నా వైపు చూశారు. రహస్య విద్య అని ఒక్క మాటంటే పేరు ఎక్కేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కళ్ళ ముందు అబద్ధం ఆడలేక, కాలు తగిలితే మా ఇళ్ళలో క్షమాపణ అలా అడుగుతామని చెప్పేశాను. కింద కూర్చున్న ఆ అబ్బాయి మోకాలు రుద్దుకుంటూ, "మరి ఇందాకటి నుంచి నన్ను అన్ని గుద్దులు గుద్దావు, వాటికి క్షమాపణ లేదా?" అన్నాడు. "చేత్తో కొడితే ఫర్వాలేదు," అన్నాను. సీఫూ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నిటారుగా నిలబడమన్నాను. వంగావు. వచ్చే ఏడు చూద్దాం," అన్నారు.

వచ్చే ఏడు రాలేదు. కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం, ఆపైన పెళ్ళి, పిల్లలు, పొట్ట, వరసగా వచ్చాయి. కొన్నాళ్ళకు సీఫూ పోయారని తెలిసింది. ఆ రోజు ఆఫీసులో ఎవరికీ కనబడకుండా ఏడ్చాను. ఆవిడకు టీ ఇవ్వలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మొన్న నాటింగ్‌హామ్‌లో స్థిరపడిన అప్పా ఇంటికి వెళ్ళాం. వాళ్ళ పదేళ్ళ కూతురు అక్కడే ఓ బడిలో వింగ్ చున్ నేర్చుకుంటోంది. "అంకుల్, స్టాండ్ స్టిల్," అని నా మోకాలికి మెత్తగా ఒక తన్ను తన్ని, చటుక్కున వంగి, వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. ఇంట్లో నేర్పారేమో అనుకుని అప్పా వైపు చూశాను. "నేను నేర్పలేదప్పా," అన్నాడు. ఇదెందుకని పిల్లనే అడిగాను. "ఇట్స్ అవర్ టెక్నిక్, అంకుల్. కిక్ చేశాక డక్ చెయ్యాలి, లేకపోతే పంచ్ పడుతుంది. మా టీచర్ వాళ్ళ టీచర్ ఓన్లీ వన్ టైమ్ చూశాడంట. సమ్ ఓల్డ్ మాస్టర్ ఫ్రమ్ ఇండియా."

అప్పా నోరు తెరవబోయాడు. వద్దని సైగ చేశాను. ఆ మాస్టర్‌కి ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తుందని పిల్లకు తెలియడం నాకిష్టం లేకపోయింది. "ఇంకోసారి చెయ్యమ్మా," అన్నాను.