ట్రాంటర్ గారి నెప్ట్యూన్ సినిమా

విల్ఫ్రెడ్ ట్రాంటర్ గారికి లోకంలో ఏదీ ఒక్కసారి జరిగితే చాలదు. పాలవాడు గుమ్మంలో సీసాలు పెట్టి వెళుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "అద్భుతం నాయనా! కానీ ఇంకొక్కసారి. ఈసారి ఎడమచేత్తో పెట్టు, వెలుతురు సీసా మీద పడుతుంది" అనేవారు. ఆ సమయంలో చేతిలో కెమెరా ఉండాలన్న నియమమేమీ లేదు. బస్సు ఆగినా, పాస్టరుగారు తుమ్మినా, పిల్లి గోడ దూకినా ఆయనకు అది షాటే. సొంత బావమరిది శవపేటిక శ్మశానం గేటు దాటుతుంటే కూడా, "మహా గంభీరంగా ఉంది, ఇంకొక్కసారి, కాస్త నెమ్మదిగా" అన్నారట. అసలు విడ్డూరం అది కాదు. మోసేవాళ్ళు మారుమాట్లాడకుండా వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చారు!

రాక ఏం చేస్తారు? లండన్ శివారు క్రోయిడన్‌లోని మునిసిపల్ ఈతకొలనులో ఆయన జీవితమంతా కాపలా ఉద్యోగం చేశారు. ఆయన ఉండే టానర్స్ వీధిలో సగం మంది ఆయన విజిల్ కిందే ఈత నేర్చుకున్నారు. రిటైరయ్యాక కొలను వదిలారు గానీ విజిల్ వదల్లేదు. అది మోగిందంటే ఆ వీధిలో పెద్దమనుషులకు కూడా కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి.

పక్కింటి నైజెల్‌కు ఆయనంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. పదహారేళ్ళ నైజెల్ ఆ ఏడాది, అంటే డెబ్బై ఏడులో, పెద్దల మీద తిరగబడే కొత్త గోల సంగీతం తలకెక్కి పంక్ అయిపోయాడు. తండ్రి చొక్కా చించి, చించినచోట మళ్ళీ పిన్నీసులు గుచ్చుకుని, గిటారు మీద మూడంటే మూడే మెట్లు నేర్చుకుని, తన పేరు ఇక మీదట 'తుప్పు' అని లోకానికి చాటాడు. వాళ్ళమ్మ మర్నాటి నుంచి వీధి చివరిదాకా వినబడేలా, "తుప్పూ! టీ చల్లారిపోతోందిరా!" అని పిలవడం మొదలెట్టింది.

ఆ వసంతంలోనే బ్రీడా ఆ వీధిలో అడుగుపెట్టింది. ఐర్లండులోని కార్క్ నుంచి అమ్మమ్మ దగ్గర ఉండడానికి వచ్చింది. పచ్చటి జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. చెత్త వేసే నల్ల ప్లాస్టిక్ సంచినే గౌనుగా కుట్టుకుంది. మెడలో కుక్క గొలుసు. ఎండలో ఆ పిల్ల అలా నడిచొస్తుంటే కిటికీ తెరలన్నీ ఒక్కసారిగా కదిలాయి. సైకిలు తుడుస్తున్న నైజెల్‌కు నోట మాట రాలేదు. ఆ తర్వాత చాలా వారాలు కూడా రాలేదు.

జూన్‌లో రాణిగారు గద్దెనెక్కిన పాతికేళ్ళ పండుగ వచ్చింది. వీధి పొడవునా బల్లలు, జెండాలు, బ్యాండు మేళం. పెత్తనమంతా హాజెటమ్మగారిది. ఆవిడ చెప్పందే ఆ వీధిలో జెల్లీ కూడా గడ్డకట్టదు. బల్ల మొదట్లో రిబ్బన్లు కట్టిన కుర్చీ ఒకటి మేయరుగారి కోసం వేయించింది. బ్రీడా, వాళ్ళమ్మమ్మ చేసిన సోడా రొట్టె పళ్ళెంలో పెట్టుకుని వచ్చి నిలబడింది.

హాజెటమ్మ ఆ పిల్ల జుట్టు కేసి చూసింది. "చోటు లేదమ్మా."

"అదుగో, ఆ కుర్చీ ఖాళీగానే ఉందిగా?"

"అది మేయరుగారిది."

బ్రీడా రొట్టె గోడ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. మేయరుగారు రానేలేదు. పొద్దువాలేదాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ట్రాంటర్ గారు విజిల్ ఊదుకుంటూ, అందరిచేతా కేకులు రెండేసిసార్లు అందింపజేస్తూ, పండుగంతా కెమెరాలోకి ఎక్కించారు. బ్రీడా వెళ్ళిన వైపే చూస్తున్న నైజెల్ నోట్లో జెల్లీ ముద్ద అలాగే ఉండిపోయింది.

వారం తిరక్కుండా ట్రాంటర్ గారు బ్రీడా అమ్మమ్మ ఇంటి తలుపు తట్టారు.

"అమ్మాయీ, నువ్వు నెప్ట్యూన్ గ్రహం నుంచి వచ్చావా?"

"కార్క్ నుంచి."

"దగ్గర దగ్గరే. నా సినిమాలో వేషం వేస్తావా?"

తిట్టడానికి తెరిచిన నోటితోనే బ్రీడా నవ్వేసింది. కథ ఏమిటయ్యా అంటే, నెప్ట్యూన్ పిల్ల దారితప్పి క్రోయిడన్‌లో దిగుతుంది. గిటారు కుర్రాడు కనబడతాడు. ప్రేమ పుడుతుంది. అంతలో నెప్ట్యూన్ పెద్దలు వెనక్కి వచ్చెయ్యమంటారు. కుర్రాడి వేషం నైజెల్‌ది. వాడికి సొంత గిటారు ఉంది, ఆయన ఎంపికకు అదొక్కటే కారణం.

మొదటిరోజే బ్రీడా తేల్చి చెప్పేసింది. "చూడు తుప్పూ, ఈ వీధికి నేనక్కర్లేదు, నాకూ ఈ వీధి అక్కర్లేదు. లండన్ నడిబొడ్డున ఓ పాడుబడ్డ ఇంట్లో మనలాంటివాళ్ళు ఉంటున్నారట. ఈ ముసలాయన సినిమా అవగానే అక్కడికి పోతా. ఇంక రాను."

నైజెల్ లెక్క వేసుకున్నాడు. సినిమా అయిపోతే పిల్ల వెళ్ళిపోతుంది. అంటే సినిమా అవకూడదు. ఊరంతా విసుక్కునే "ఇంకొక్కసారి" ఆ రోజు నుంచి వాడి చెవికి దేవుడి వాక్కులా వినబడింది. ఆయన అనడం మర్చిపోతే వీడే గుర్తుచేసేవాడు. "ట్రాంటర్ గారూ, నా ముక్కు మీద ఈగ వాలిందండీ, మళ్ళీ తీద్దామా?"

"శభాష్! నటుడంటే నువ్వురా! ఇంకొక్కసారి!"

ఓరోజు నిజంగానే ప్రాణం మీదికి వచ్చింది. వెల్వెట్ కాలరు పొడుగుకోట్లు, నూనె పట్టించి ఎత్తుగా దువ్విన క్రాపులు, అలాంటి పాతకాలపు ఫ్యాషను టెడ్డీ కుర్రాళ్ళు ముగ్గురు నైజెల్‌ను తరుముకుంటూ వీధిలోకి వచ్చారు. వాళ్ళకు పంక్ పిల్లలంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది. వీపు విమానం మోత మోగడం ఖాయం అనుకుంటుండగా విజిల్ మోగింది. నలుగురూ ఉన్నచోటే కొయ్యబారిపోయారు.

"అద్భుతం! ఏం పరుగు, ఏం ఆవేశం! కానీ పొడుగాయన క్రాపు చెదిరింది. పోస్టు డబ్బా దగ్గర్నుంచి ఇంకొక్కసారి!"

పొడుగాయన చెయ్యి దువ్వెన కోసం జేబులోకి పోయింది. "మేం హీరోలమా, విలన్లమా?"

"నెప్ట్యూన్ పోలీసులు."

"యూనిఫారం ఉండదా?"

"ఇంతకంటే మంచి యూనిఫారం నెప్ట్యూన్‌లో కూడా దొరకదు నాయనా."

పోస్టు డబ్బా నుంచి దీపస్తంభం దాకా ఎన్నిసార్లు తరిమించారో లెక్కలేదు. ఆఖరికి తరిమేవాళ్ళకూ పరిగెత్తేవాడికీ ఒకేసారి డొక్కలు ఎగరసాగాయి. నలుగురూ గోడ మీద వరుసగా కూలబడి నిమ్మరసం తాగారు. పోతూ పోతూ పొడుగాయన సిగ్గుపడుతూ అడిగాడు, "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు సార్?"

ఇక్కడ ఆయన కెమెరా సంగతి ఒకటి చెప్పాలి. అది పాతకాలంది. రీలు ఒక పక్క అయ్యాక తిప్పిపెట్టి రెండో పక్క తీయాలి. కడిగించకుండా పొరపాటున మూడోసారి పెట్టారో, బొమ్మ మీద బొమ్మ పడి కూర్చుంటుంది. ఇంట్లో సినిమాలు తీసుకునేవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే అది. ట్రాంటర్ గారు మాత్రం ఊరు చెప్పుకునేటట్టు చేశారు. పాస్టరుగారి కూతురి పెళ్ళి తీసిన రీలు మీదే కుక్కల ప్రదర్శన తీశారు. తెర మీద పెళ్ళికూతురు బుల్‌డాగుల గుంపులోంచి తేలుతూ వచ్చింది. దీవించే వేళకు సరిగ్గా పాస్టరుగారి భుజాల మీద బుల్‌డాగు మొహం మొలిచింది. పెళ్ళి ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, అది వేరే సంగతి. ఆనాటి నుంచి హాజెటమ్మ ఆయన్ను చూసినప్పుడల్లా, "ఏమండీ, కొత్త రీలేనా?" అని దెప్పేది.

ఆగస్టు చివరికి ఒక్క దృశ్యం మిగిలింది. ట్రాంటర్ గారు షెడ్డులో గోడ నిండా నల్లటి గుడ్డ కట్టారు. దాని ముందు వంటింటి కుర్చీ వేసి, వెండికాగితం గౌనులో బ్రీడాను కూర్చోబెట్టారు. నైజెల్ దీపం పట్టుకున్నాడు. అక్కడ ఇంకేమీ లేదు.

"తల్లీ, ఎడమపక్క నుంచి ఎవరో నీకు ప్లేటు అందిస్తున్నారు. తీసుకో."

"ఎవరు?"

"భూలోకం వాళ్ళు."

"భూలోకం వాళ్ళు నాకేమీ ఇవ్వరండీ."

"ఇస్తే ఎలా ఉంటుందో అలా చెయ్యి. చెయ్యి కాస్త పైకి... ఇప్పుడు కుడిపక్కావిడ ఏదో జోకు వేసింది, నవ్వు. ఆఁ, బాగుంది. ఇంకొక్కసారి."

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే వరస. లేని ప్లేటు తీసుకోవడం, లేని మనిషితో నవ్వడం. ముసలాయన ముక్కుతో ఏదో బ్యాండు పాట కూనిరాగం తీస్తూ, అది ఫలానా చోటికి రాగానే వేలెత్తేవారు. చెయ్యి వెంట్రుకవాసి కిందికి దిగినా ఒప్పుకోలేదు. ఇన్నిసార్లు చేయించినా కెమెరా గిర్రుమన్న చప్పుడు మాత్రం ఆఖర్న ఒక్కసారే వినబడింది. నైజెల్‌కు అది వింతగా తోచింది గానీ, సినిమా అయిపోయిందన్న దిగులులో అడగలేదు.

"ఆయనకు మతి పూర్తిగా పోయింది పాపం" అంది బ్రీడా, వెండికాగితం ఒలుచుకుంటూ. ఆ మాటలో వెటకారం కంటే జాలే ఎక్కువుంది.

రీలు కడిగించడానికి పోస్టులో వెళ్ళి, తిరిగొచ్చింది. శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో కర్టెన్లు మూసి ప్రదర్శన పెట్టారు. వీధంతా వచ్చింది. నెప్ట్యూన్ పోలీసులు తలలకు కొత్తగా నూనె పట్టించుకుని ముందు వరసలో కూర్చున్నారు. బ్రీడా వచ్చింది గానీ సంచి సర్దుకుని మరీ వచ్చి, దాన్ని తలుపు పక్కన పెట్టి, ఆ తలుపుకే ఆనుకుని నిలబడింది. నైజెల్ తెర కేసి కాక ఆ సంచి కేసే చూస్తున్నాడు.

సినిమా బాగానే నడిచింది. తరిమే దృశ్యానికి హాలు దద్దరిల్లింది. నైజెల్ గిటారు వాయిస్తుంటే వాళ్ళమ్మ గర్వంగా, "మా తుప్పు!" అంది. నెప్ట్యూన్ పెద్దల పిలుపు వచ్చింది. బ్రీడా ఆకాశం కేసి చూసింది. అంతలో తెర మీద జెండాలు, బల్లలు, జెల్లీలు! జూన్ నాటి పండుగ.

"చూశారా! చూశారా!" హాజెటమ్మ చేతులెత్తేసింది. "వాడిన రీలే మళ్ళీ పెట్టాడు! ఈయన బుద్ధి ఎప్పటికి మారుతుందమ్మా!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

బల్ల మొదట్లో రిబ్బన్ల కుర్చీ ఖాళీగా కనబడింది. ఆ ఖాళీలో మంచు కమ్ముకున్నట్టు ఒక వెలుగు కమ్మింది. వెలుగు మనిషయింది. వెండి గౌను, నిక్కబొడుచుకున్న జుట్టు. ఆ పిల్ల లోంచి వెనకున్న జెండాలు కనబడుతున్నాయి. అయినా పిల్ల అక్కడ కూర్చునే ఉంది, సరిగ్గా ఆ కుర్చీలోనే, వీసమెత్తు తేడా లేకుండా.

తెర మీది హాజెటమ్మ తన మామూలు నవ్వు మొహంతో కేకు ప్లేటు ఎవరికో అందిస్తూ చెయ్యి చాచింది. వెండి పిల్ల చెయ్యెత్తి ఆ ప్లేటు పట్టుకుంది. కుడిపక్కన బేకరీ ముసలావిడ ఏదో అని పళ్ళులేని నోటితో నవ్వింది. పిల్ల మోచేతులు బల్ల మీద ఆన్చినట్టు వంగి, ఆవిడ వైపు తిరిగి పగలబడి నవ్వింది. వీధి వీధంతా ఆ పిల్ల చుట్టూ కూర్చుని తింటోంది, పాడుతోంది.  నైజెల్‌కు నక్షత్రాల నుంచి నిజంగానే ఎవరో దిగొచ్చి తమ బల్ల దగ్గర కూర్చున్నారని, తాము ఆ రోజు కళ్ళుండీ చూడలేకపోయామని అనిపించింది. వాడొక్కడికే కాదు, ముందు వరసలో నెప్ట్యూన్ పోలీసు ఒకడు తెలియకుండానే క్రాపు మీద నుంచి చెయ్యి తీసేసి, నిటారుగా కూర్చున్నాడు.

రీలు అయిపోయింది. ఎవరూ లేవలేదు. ట్రాంటర్ గారు ప్రొజెక్టరు వెనక నుంచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"క్షమించాలి. ముసలితనం. రీలు పొరపాటున మళ్ళీ పెట్టేసినట్టున్నాను."

పొరపాటట! నైజెల్‌కు షెడ్డు, నల్లగుడ్డ, కూనిరాగం, ఒకే ఒక్కసారి తిరిగిన కెమెరా అన్నీ కలిసి ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ పాట పండుగనాడు బ్యాండు వాళ్ళు వాయించిందే. వీధి ఒకసారి తప్పుగా జరిపిన పండుగను ఈ మనిషి సరిగ్గా జరిపించాడు. హాజెటమ్మ చేతా జరిపించాడు.

హాజెటమ్మ లేచింది. జనమంతా పక్కకు తప్పుకున్నారు. తిన్నగా తలుపు దగ్గరికి వెళ్ళి బ్రీడా ముందు నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు పెత్తనపు గొంతే.

"మేయరుగారి కుర్చీలో కూర్చుని మోచేతులు బల్ల మీద పెడతారా ఎవరైనా?"

బ్రీడా తల అడ్డంగా ఊపింది.

"ఆ సంచేమిటి?"

"వెళ్ళిపోతున్నానండీ. ఇవాళే."

"రేపు ఆదివారం. ఆదివారం ముందర పెట్టుకుని ఎవరైనా భోజనం మానుకుని పోతారా? ఒంటిగంటకు మా ఇంటికి రా. మీ అమ్మమ్మను కూడా తీసుకురా. ఆ సోడా రొట్టె ఎలా చేస్తుందో నేనడగాలి." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "జుట్టుకేమీ చెయ్యక్కర్లేదు. అలాగే రా."

జనం వెళ్ళాక నైజెల్ ప్రొజెక్టరు మోస్తూ ఉండబట్టలేక అడిగాడు. "అది పొరపాటు కాదు కదండీ?"

"పొరపాటేరా."

"మరి అంత సరిగ్గా కుర్చీలో ఎలా కూర్చుంది?"

ట్రాంటర్ గారు తీగ చుట్టుకుంటూ అన్నారు, "పొరపాటైనా శ్రద్ధగా చెయ్యాలి నాయనా. ఇదుగో, మెట్లు చూసి దిగు."

ఆదివారం హాజెటమ్మ ఇంట్లో వేయించిన మాంసం, బంగాళాదుంపలు పొగలు కక్కుతున్నాయి. పిన్నీసులు సగం తీసేసిన చొక్కాతో నైజెల్ కూడా ఒక మూల ఇరుక్కుని కూర్చున్నాడు. పండుగ రోజంతా బీరు తాగి నిద్రపోయిన ఆవిడ భర్త హాజెట్ గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, ఎదురుగా ఉన్న పచ్చజుట్టును చాలాసేపు పరకాయించి చూశారు.

"ఎవరే ఈ పిల్ల? ఎక్కడి నుంచి వచ్చింది?"

"ఎక్కడి నుంచేమిటి మీ మొహం!" అని హాజెటమ్మ కసిరింది. "మన వీధి పిల్ల. ముందా గ్రేవీ ఇటివ్వండి, చల్లారిపోతోంది."

బ్రీడా గ్రేవీ గిన్నె అందుకుని, తను వడ్డించుకుని, నైజెల్ కేసి జరిపింది. సోమవారం లండన్ రైలు ఆ పిల్ల లేకుండానే వెళ్ళింది.