బండెక్కిన ఇంజిన్లు

పెట్రోలు ధర ఒక్కసారిగా కొండెక్కిన ఆ ఏడాది ఏం జరిగిందో చెప్పమని మా ఇంట్లో పిల్లలు అడుగుతుంటారు. నాకు తెలిస్తేగా చెప్పడానికి! ఎక్కడో ఎడారి దేశాలవాళ్లు కొట్టుకుంటున్నారని రేడియో చెప్పింది. వాళ్లు కొట్టుకుంటే రాయచూరు జిల్లాలో మా వరి ఎందుకు ఎండాలో మాత్రం చెప్పలేదు.

మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్లం. మాలాంటివాళ్లు కట్టుకున్న ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. మా అన్నయ్య క్యాంపు కాలువకు పైన, మాది చిట్టచివర. చివర అంటే పైవాళ్లందరూ వాడుకోగా మిగిలిన నీళ్లు. మా మూడెకరాలకు అవి చాలవని, పక్కనున్న మురుగు కాలువ గట్టు మీద మా ఆయన డీజిల్ ఇంజిను పెట్టించారు. దసరాకు దానికి బొట్టు పెట్టేటప్పుడు ఆయన చూసినంత ముద్దుగా నన్నెప్పుడూ చూసి ఎరగరు.

వరి చిరుపొట్ట మీద ఉంది. వారంలోగా ఒక్క తడి పడకపోతే కంకి తాలు పోతుంది. సరిగ్గా అప్పుడే డీజిలు కరువైంది. సింధనూరు బంకుకు వెళ్లొచ్చిన మా ఆయన, "డబ్బాల్లో పొయ్యడంట. ఇంజినున్నట్టు రుజువు కావాలంట" అన్నారు. ఏం రుజువు అని నేనూ అడగలేదు, ఆయనా అడిగి రాలేదు. క్యాంపులో మగాళ్లంతా ఒకచోట చేరి గంటసేపు ఆలోచించారు. అంతమంది తలలూ కలిస్తే తేలిందేమిటయ్యా అంటే, ఇంజినుకు మించిన రుజువేముంది అని! బోల్టులు విప్పి, ఇంజిన్లను ఎడ్లబండ్ల మీదకెక్కించి, తాళ్లతో కట్టి, తెల్లవారగానే బయల్దేరారు.

మర్నాడు అన్నం క్యారేజీ పట్టుకుని బస్సెక్కాను. సింధనూరులో దిగి జట్కా అడిగితే కిరాయి ఎప్పటికన్నా ఎక్కువ చెప్పాడు.

"నీ గుర్రం కూడా డీజిలే తాగుతోందా?" అన్నాను ఒళ్లు మండి.

"గుర్రం తాగదమ్మా. ఉలవలు మోసుకొచ్చే లారీ తాగుతది గద" అన్నాడు.

ఎక్కి కూర్చున్నాను.

బంకు ముందు బండ్ల బారు. ప్రతి బండి మీదా ఒక ఇంజిను, పెళ్లికూతురిలా తల వంచుకుని కూర్చుంది. ఊళ్లోవాళ్లు పనులు మానుకుని వచ్చి చూస్తున్నారు. శనగలమ్మే ఆమె అక్కడే బుట్ట దించింది. కొందరు సర్కారును తిడుతున్నారు, కొందరు సేఠ్‌లను తిడుతున్నారు, ఒక ముసలాయన ఎడ్లను అమ్ముకుని ఇంజిన్లు కొన్న మమ్మల్నే తిడుతున్నాడు. అందరి మాటా నిజమేననిపించింది నాకు. మా ఆయన బండి వెనకే మా అన్నయ్య బండి. పైన కూడా ఇదే తెలివి!

బంకు గుమాస్తా తల పట్టుకున్నాడు. "ఇంజినున్నట్టు పట్వారీతోని చీటీ రాయించుకొని రమ్మంటి. ఇంజిన్లే మోసుకొస్తిరేంది? నేనేం జేస్కోవాలె వీటిని?"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. రేపు మధ్యాహ్నానికి చీటీ తెచ్చినవాళ్లకు తలా పది లీటర్లు పోస్తానన్నాడు గుమాస్తా. బారులో చోటు పోతుందని మా ఆయన కదలనన్నారు. "పట్వారీ అంటే మన కరణం గారే. నువ్వెళ్లి ఆయన చేత రాయించి పంపు" అని నన్ను మళ్లీ బస్సెక్కించారు.

బస్సు దిగి కాలువ గట్టున నడుస్తుంటే కాలువ నిండా నీళ్లు కనబడ్డాయి. మా పొలంలోకొచ్చే బోదెలో కూడా మోకాలి లోతు పారుతున్నాయి. ఆ కాలంలో మా దాకా అన్ని నీళ్లు రావడం నేను చూడలేదు. గట్టు మీద వస్తున్న లష్కరు, అంటే కాలువ కాపలా ఆయన, నా మొహం చూసి నవ్వాడు.

"పైన కాల్వల పైపులేసి మెరక పొలాలకు నీళ్లు గుంజేటోళ్లు లేరా అమ్మా? ఇయ్యాల ఒక్క ఇంజినన్న కొడతలేదు. అన్ని బంకు కాడ నిలబడ్డయి. గందుకే నీళ్లు మీ దాక వచ్చినయ్."

నాకు బుర్ర పనిచేయలేదు. డీజిలు దొరికితేనే పంట బతుకుతుందని ఇల్లంతా ఏడుస్తున్నాం. తీరా చూస్తే డీజిలు దొరక్కపోబట్టే నీళ్లొచ్చాయి. ఇప్పుడు చీటీ కోసం పరుగెత్తాలా, పార పట్టుకోవాలా? చివరికి పారే పట్టుకున్నాను. చీర ఎగ్గట్టి మడవ తీశాను. నీళ్లు నెర్రెల్లోకి గుడగుడా దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఆ నీళ్లలో నిలబడే రెండు చేతులూ జోడించి, "తల్లీ, ఇంకో రెండ్రోజులు ఎవ్వరికీ డీజిలు దొరక్కుండా చూడు" అని తుంగభద్రమ్మకు మొక్కుకున్నాను. మొక్కుకుని సాయంత్రం కరణం గారింటికెళ్లి చీటీ కూడా రాయించాను. నా మీద నాకే కోపం వచ్చింది. పొద్దున బస్సు కండక్టరు చేతికి ఆ చీటీ ఇచ్చి పంపాను.

ఆ రాత్రికి మా ఆయన బండి తోలుకుని వచ్చారు. రెండెకరాలు తడిసిందని చెబితే గట్టున కూలబడ్డారు. తర్వాత డబ్బా చూపించారు. సగమే ఉంది.

"మీ అన్నయ్యకు కరణం చీటీ ఇవ్వలేదే. కాలువలో పైపేసేవాడికి ఎందుకిస్తాడు? ఉత్త చేతులతో పోతుంటే బావ మొహం చూళ్లేకపోయాను. ఐదు లీటర్లు పోశాను."

మంచి పని చేశారన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

తెల్లారి చూస్తే బోదెలో నీళ్లు పాదాల దాకా ఉన్నాయి, పదింటికల్లా బురద. లష్కరు దూరం నుంచే చెయ్యి ఊపి చెప్పాడు: "పైన మీ అన్న ఇంజినొకటి కొడుతుందమ్మా. ఇంగొక నలుగురు చీటీలున్నోళ్ల కాడ అడుక్కొచ్చి సురు చేసిన్రు."

మిగిలిన ఐదు లీటర్లూ మా ఇంజినులో పోశాం. మురుగు కాలువ నీళ్లతో ఇంకో అరెకరం తడిసేసరికి అది దగ్గి ఆగిపోయింది. చివరి అరెకరం అలాగే ఉండిపోయింది.

కోతలకు అన్నయ్య సాయం వచ్చాడు. తెల్లగా నిటారుగా నిలబడ్డ ఆ కంకుల దగ్గర ఆగి ఒకటి తుంపి నలిపాడు. అంతా పొట్టే.

"నాకు పోసిన డీజిలు వల్లే కదే చెల్లెమ్మా ఇది? బావ మంచివాడు, నేనే తీసుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా.

తన ఇంజిను కాలువలోంచి మా నీళ్లు కూడా గుంజిందని వాడికి తట్టలేదు. చెబుదామని నోరు తెరిచాను. ఆ రోజు నీళ్లలో నిలబడి నేను మొక్కుకున్న మొక్కు గుర్తొచ్చింది. అది ఫలించి ఉంటే ఎండేది వాడి చేనే.

"ఎండ ఎక్కుతోంది, కొయ్యరా అన్నయ్యా" అని కొడవలి వాడి చేతికిచ్చాను.