ముంచింగిపుట్టు బస్సులో పెద్దామె

స్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి నేను రిఫరీగా వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది అది. ముంచింగిపుట్టు బస్సులో పక్కసీటు పెద్దామె నా మెడలో విజిల్ చూసి, "ఏటమ్మా, పోలీసువా?" అంది.

"కాదమ్మా, పిల్లల ఆటకి రిఫరీని. తప్పు కనిపిస్తే ఊదాలి. ఊదితే అందరూ మీదికొస్తారని భయం."

ఆమె నవ్వింది. పెదబయలు దాటాక దిగుతానంటే, అక్కడ స్టాపు లేదని కండక్టర్ విసుక్కున్నాడు. ఆమె లేచి చెయ్యెత్తి, "ఆపు!" అని ఒక్కసారే అంది. బస్సు ఆగింది. పసుపు కొమ్ముల మూట భుజానికెత్తుకుంటూ, "సెప్పీసినాక ఇంక ఎవుల మొకాలూ సూడకమ్మా" అని దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ముంచింగిపుట్టులో మ్యాచ్ చివర్లో ఆ ఊరి స్కూలు అమ్మాయి గెలుపు బాస్కెట్ వేసింది. కానీ వేసే ముందు బంతి పట్టుకుని ఒక అడుగు ఎక్కువ వేసింది. విజిల్ ఊది చెయ్యెత్తాను. జనం గోల చేశారు. కోచ్ పరుగున వచ్చాడు.

"ఏటి మేడం, మా గుంట బాగానే ఏసింది కదా!"

"బాస్కెట్ చెల్లదు సార్," అన్నాను.

ఆయన ఇంకేదో అనబోతుండగా ఆ అమ్మాయే బంతి తెచ్చి నా చేతికిచ్చింది.

"అడుగు పడింది మేడం, నాకు తెలుసు. బేగి ఊదండి, ఇంకా టైముంది."

ఎదురుగా ఉన్న కొండకి తగిలి శబ్దం తిరిగొచ్చేంత గట్టిగా ఊదాను.